మే పదహారు

కొస్కివారాలో ఆ సాయంత్రం
నా గ్రాఫు ఎర్రగా పైకి పాకింది
బడి గోడ మీద, పిల్లలు రంగులేసిన దుప్పుల పక్కన.
పదకొండు మంది వచ్చారు.
అందులో ఇద్దరు కాఫీ కోసం,
ఒకడు హీటరు బాగుచేయడానికి.

"ఒకటిన్నర డిగ్రీలు" అన్నాను.
ఒకావిడ స్వెట్టర్ విప్పి ఒళ్లో పెట్టుకుంది.
"రెండు వేల యాభై నాటికి" అన్నాను.
వెనక వరసలోంచి ఉర్హో:
"అప్పటికి నేను మట్టిలో ఉంటాను అమ్మాయ్,
అక్కడ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ నవ్వులో మీటింగు మునిగిపోయింది.

హెల్సింకీ నుంచి రాత్రంతా రైలు, ఆపైన బస్సు.
సంచిలో రెండు వందల కరపత్రాలు మోసుకొచ్చాను,
ప్రతిదాని మీదా తెల్ల ఎలుగుబంటి.
ఈ ఊళ్లో ఎవరూ తెల్ల ఎలుగుబంటిని చూడలేదు.
చూసినవేమిటో నేను అడగలేదు.

మర్నాడు బస్సు ఆలస్యం.
సైమి కొట్లో చలి కాచుకుంటున్నాను.
కౌంటరు మీద ఒక కాఫీ డబ్బా, మూతకి చిల్లు,
పక్కన నూనె మరకల లావుపాటి చిట్టా.
"పందెం కడతావా? రెండు యూరోలు."
ఏం పందెం?
కిటికీలోంచి చూపించింది:
గడ్డకట్టిన నది నడిమధ్యన పాత తారుపీపా,
దాని నడుముకి తాడు,
తాడు కొస ఒడ్డున పడవల పాకలో గడియారానికి.
మంచు కదిలితే తాడు గుంజుతుంది,
గడియారం ఆగుతుంది.
ఎవరు చెప్పిన రోజు, ఎవరు చెప్పిన గంట దగ్గరైతే
డబ్బా వాళ్లది.

పేజీలు తిప్పాను.
సైమి తాత చేతిరాతతో మొదలు:
మే పంతొమ్మిది. మే ఇరవై రెండు. మే పదిహేడు.
యుద్ధం నడిచిన ఏళ్లలో సిరా పల్చబడింది,
నది మాత్రం మాట తప్పలేదు.
తర్వాత వాళ్లమ్మ రాత, కాస్త వాలుగా:
మే పదమూడు. మే పదకొండు.
తర్వాత సైమి బాల్‌పెన్ను:
మే ఆరు. మే రెండు.
ఏప్రిల్ ముప్పై, పక్కన ఒక ఆశ్చర్యార్థకం.
ఏప్రిల్ ఇరవై ఆరు.
ఆశ్చర్యార్థకం లేదు.

నా గ్రాఫే.
కాకపోతే దీన్ని జనం
డబ్బు కట్టి మరీ చదువుతున్నారు.

"ఇది చూసి ఎవరూ ఏమీ అనరా?"
"ఎందుకనరు," అంది సైమి,
"ఈ ఏడూ పోయిందంటారు."

తలుపు గంట మోగింది. ఉర్హో.
బూట్ల మంచు దులుపుకుని, నన్ను చూసీ చూడనట్టు
నాణెం డబ్బాలో వేశాడు.
"మే పదహారు."
అతను నోరు తెరవకముందే సైమి రాసేసింది.
ఇరవై నాలుగేళ్లుగా అదే తేదీ,
ఇరవై నాలుగేళ్లుగా అతనికి చిల్లిగవ్వ రాలేదు.

నిన్నటి నేనైతే
చిట్టా మీద వేలు పెట్టి చూపించేదాన్ని.
ఇవాళ ఒక్కటే అడిగాను:
మే పదహారే ఎందుకు?

టోపీ తీసి కౌంటరు మీద పెట్టాడు.
"నేను పుట్టిన రోజు.
పొద్దున మంత్రసానిని అవతలి ఒడ్డు నుంచి
మంచు మీద నడిపించుకొచ్చాడు మా నాన్న.
సాయంత్రానికి నది కదిలింది.
పాపం, మూడు రోజులు మా ఇంట్లోనే ఉండిపోయిందావిడ.
ఆ ఏడు డబ్బా మా నాన్నదే. ఊయల కొన్నాడు.
ఇప్పుడు మే పదహారుకి అక్కడ..."
ఆగాడు.
"ఇప్పుడక్కడ దోమలు."

ఫ్రిజ్ గుర్రుమంటోంది.
దీనికి నా దగ్గర స్లైడు లేదు.

ఉర్హో జేబు తడుముకుని ఇంకో నాణెం తీశాడు.
"ఇది మా మనవరాలు హిల్క్కా పేరున రాయి."
గొంతు బాగా తగ్గించి,
నదికి వినబడుతుందేమో అన్నట్టు:
"ఏప్రిల్ ఇరవై నాలుగు."
"పగలా, రాత్రా?"
"దాన్నడిగి చెప్తా."

బస్సు హారన్ కొట్టింది.
నా కరపత్రాలు సైమి ఉంచేసుకుంది,
వెనక వైపు ఖాళీగా ఉంది,
చిల్లర లెక్కలు రాసుకోవచ్చని.

వెళ్తూ వెళ్తూ నేనూ రెండు యూరోలు వేశాను.
తేదీ చెప్పాను. లెక్కలన్నీ నా దగ్గరే ఉన్నాయి కదా.
నాణెం అడుగున పడి ఠంగుమన్నప్పుడు మాత్రం
ఓడిపోతే బాగుండుననుకున్నాను.